పదునేడు మాత్రల బాట

మన యిండ్లలో స్త్రీలు దినమునకు ఎన్ని నిర్ణయములు చేయుదురో యెవ్వరును లెక్కపెట్టి యుండరు. ఎసటిలో ఎన్ని గిద్దల బియ్యము పోయవలెను, వేళకాని వేళ వచ్చిన చుట్టమును భోజనమునకు నిలుపవలెనా, పిల్లవాని యొడలు వెచ్చబడినచో బడికి పంపవచ్చునా కూడదా, ఇట్టివానికై మన మెవ్వరి సలహాయు నడుగము. చేతులు పని చేయుచుండగనే మనస్సు తీర్పు చెప్పివేయును. ఆ తీర్పులలో తప్పులును గలవు. వానికై విచారపడుటకు తీరిక లేదు. కాని తనదియే, తన యొక్కతెదియే యగు పెద్ద ప్రశ్న యెదురైనప్పుడు అదే స్త్రీ గడపమీద నిలిచిపోవును. ఒక కాలు లోపల, ఒక కాలు వెలుపల. దీనికి ఆమె బుద్ధి తక్కువ కారణము గాదు. తనకొరకు తాను తీర్పు చెప్పుకొను నలవాటు ఆమెకు చేయబడలేదు, అంతియే.

గడచిన వేసవిలో మా బాల్యస్నేహితురా లొకతె యిట్టి గడపమీదనుండియే మా యింటికి వచ్చెను. ఆమె ఉపాధ్యాయిని. భర్త గతించి రెండేండ్లయినది. పిల్ల లిద్దరును దూరదేశములందు స్థిరపడిరి. ఇరువది యేడేండ్ల కొలువు పిమ్మట ఆమెకు ప్రధానోపాధ్యాయినిగా పదోన్నతి వచ్చినది. అయితే కొండప్రాంతమందలి యొక చిన్న యూరికి పోవలెను. ఇష్టము లేనిచో వద్దని వ్రాసియిచ్చి యున్నచోటనే యుండవచ్చును. గడువు పది దినములు. సంచిలోనుండి ఆమె యొక నోటుపుస్తకము తీసి మా ముందుంచెను. అందు నిలువుగా గీత గీసి, ఒక ప్రక్క పోవుటకు గల కారణములును, రెండవ ప్రక్క మానుటకు గల కారణములును వ్రాసియుండెను. పోవుటకు పదునొకండు, మానుటకును పదునొకండే. ఏదో యొక ప్రక్కకు పండ్రెండవది దొరకకపోవునా యని మూడు రాత్రులు మేలుకొన్నదట!

ఇట్టి విషయములందు సలహా చెప్పుట మాకు భయము. మన మాట విని పోయినవారు కష్టపడినను, మానినవారు విచారించినను ఆ పాపము మనదే. ఆ దినములలో మేము జపానుదేశపు కవయిత్రులను గూర్చి చదువుచుంటిమి. ఏమియు తోచక, ఆమెకు కాఫీ యిచ్చి, కికూషా కథ చెప్ప నారంభించితిమి. "ఏమే, నేను సలహాకు వచ్చితిని గాని పురాణశ్రవణమునకు రాలేదు" అని ఆమె విసుగుకొనెను. అయినను వినెను.

తగామి కికూషా 1753లో జపాను పశ్చిమభాగమున, నేటి షిమొనొసెకి పట్టణ ప్రాంతమందు పుట్టెను. పదునారవ యేట వివాహమయ్యెను. ఇరువది నాలుగవ యేట భర్త మరణించెను. సంతానము లేదు. ఆమె పుట్టినింటికి తిరిగి వచ్చెను. అంతవరకు వినిన మనలో నెవరికైనను తక్కిన కథ తెలిసినట్లే తోచును. అట్టి కథలు మన వీధిలోను గలవు. కాని యిక్కడనుండి త్రోవ మారినది. ఇరువది యెనిమిదేండ్ల ప్రాయమున ఆమె యింటినుండి బయలుదేరెను. బౌద్ధసన్న్యాసినిగా దీక్ష గైకొని, నడుమ దేశమగు మీనో ప్రాంతమునకు పోయి, అచ్చట సాంక్యో యను గురువునొద్ద పదునేడు మాత్రల పద్యవిద్య నభ్యసించి, పిమ్మట ఉత్తరాపథమునకు నడక సాగించెను.

ఈ సన్న్యాసము సంగతి సోదరీమణులు కొంచెము గమనింపవలెను. ఆ కాలమున జపాను రహదారులపై కావలిచోటు లుండెడివి. హకొనే వంటి చోటులందు ఆడువారు ప్రత్యేకపు అనుమతిపత్రము లేక దాటుట కష్టము. పత్రముతో వచ్చినవారిని సయితము నిలిపి పరీక్షించెడివారు. తల గొరిగించుకొని సన్న్యాసిని వేషమున నున్న స్త్రీకి త్రోవ కొంత సులభమయ్యెడిది. కికూషాకు భక్తి లేదని మా యభిప్రాయము కాదు; భక్తియు నుండెను, బాటయు కావలసియుండెను. ఇంచుమించుగా ఆ కాలముననే మన తరిగొండ వెంగమాంబ తిరుమలకొండమీద కావ్యములు వ్రాయుచుండెనని తలచికొన్నప్పుడు, రెండు దేశముల వితంతువులును దేవుని పేరుచెప్పి కొంచెము తావు సంపాదించుకొనిరి గదా యనిపించును.

ఆమె నడచిన బాటయు వింతయైనదే. అంతకు నూరేండ్లకు పూర్వము, 1689లో, బషో యను మహాకవి తన కుటీరము నమ్మివేసి, సోరా యను శిష్యునితో ఏదో నగరము (నేటి టోక్యో) నుండి ఉత్తరమునకు కాలినడకను పోయెను. దాదాపు అయిదు మాసములలో రమారమి 2400 కిలోమీటర్లు నడచి ఓగకీ యను నూర యాత్ర ముగించెను. 1694లో ఆయన మరణించిన పిమ్మట, 1702లో ఆ యాత్రాగ్రంథము అచ్చయ్యెను. కికూషా ఆ త్రోవనే పట్టెను. కాని తుదినుండి మొదటికి, తలక్రిందుగా! గురువుయొక్క చివరి మజిలీ తనకు తొలిమజిలీ. పుస్తకములోని పుటలను వెనుకనుండి తిరుగవేయువారికి కథ ముందే తెలిసినట్లుండునని మన మనుకొందుము. కాని నూరేండ్లలో వంతెనలు మారును, సత్రములు మారును. మారని వాన మాత్రము ఎప్పుడు కురియునో తెలియదు. ఆమె యటుపై జీవితమంతయు తిరుగుచునే యుండెను. క్యోటోకు పలుమారులు పోయెను, దక్షిణమున క్యూషూ ద్వీపము చూచెను, చిత్రములు వ్రాసెను, చాయోపచారవిద్య నేర్చెను, ఏడుతంత్రుల వీణను వాయించెను. 1812లో తన పద్యములను చిత్రములను నాలుగు సంపుటములుగా "తఓరిగికూ" అను పేర ప్రకటించెను. చేత త్రుంచిన చేమంతి యని దాని కర్థము. 1826లో మరణించెను. ఉజీ పట్టణమందలి మంపుకుజీ యను దేవాలయపు మహాద్వారముకడ నామె చెప్పిన చిన్నపద్య మొకటి నేటికిని అచ్చటి శిలపై చెక్కబడియున్నది.

మా స్నేహితురాలు అంతయు విని, "ఆమె యెట్లు బయలుదేరగలిగినది? భయపడలేదా?" అని యడిగెను. భయపడియే యుండును. అయితే ఆమెయొద్ద ఒక చిన్న సాధన ముండెను. దానిని గూర్చి చెప్పవలెను.

ఆ పద్యమునకు మూడు పాదములు. మొదట అయిదు, పిదప ఏడు, మరల అయిదు, మొత్తము పదునేడు. ఇది మన దేశములో పదునేడు అక్షరములని వ్యాప్తిలో నున్నది గాని జపానువారి లెక్క సరిగా మన మాత్రల లెక్క వంటిది. వారికి దీర్ఘమునకు రెండు, ద్విత్వమున నిలిచిన హల్లునకు ఒకటి, పదము చివరి నకారపు పొల్లునకు ఒకటి. టోక్యో యను మాటలో మనకు కనబడునవి రెండక్షరములు. వారు రెంటిని దీర్ఘముగా పలికి నాలుగు లెక్కింతురు. గురువునకు రెండు, లఘువునకు ఒకటి యని చిన్ననాడు వ్రేళ్లపై లెక్కించిన మన సోదరీమణులకు ఈ విద్య పరాయిది కానేరదు. ఆ పద్యమున ఋతువును దెలుపు మాట యొకటి యుండవలెను. నడుమ నొకచోట మాట తెగవలెను. తెగిన రెండు ముక్కలను కవి కలుపడు. ఇక్కడ చెరువు, అక్కడ చప్పుడు. ఇక్కడ మంచు, అక్కడ దీపము. నడిమి ఖాళీని చదువరి తానే దాటవలెను. "కావున", "అందుచేత", "ఏలయనగా" అనుమాటలకు అందు చోటు లేదు.

ఈ పొట్టిపద్యము మొదట గొలుసుపద్యములకు తొలి పద్యముగా నుండి, క్రమముగా వేరుపడినది. దానికి హైకూ యను పేరు స్థిరపడినది పందొమ్మిదవ శతాబ్దాంతమున మసవోక షికి (1867-1902) వలన. 1916లో రవీంద్రనాథ ఠాకూరు జపాను పోయినప్పుడు దానిని మెచ్చి బెంగాలీలోనికి తెచ్చెను. ఆ యేటనే సుబ్రహ్మణ్యభారతి తమిళమున దానిని గూర్చి వ్యాసము వ్రాసెను. తెలుగున నది విరివిగా వచ్చినది 1990 తరువాతనే. ఇస్మాయిల్ మొదలగువారు వ్రాసిరి. 1997లో ఎన్. గోపి నానీలు అను పేర మనదే యైన యొక పొట్టిపద్యమును మొదలుపెట్టెను: నాలుగు పాదములు, ఇరువదికి తగ్గక ఇరువదియైదుకు మించక అక్షరములు. నావియు నీవియు కలసి నానీలట. పేరు బాగున్నది. ఆ దినమున మా స్నేహితురాలికి మేము మాత్రల లెక్కనే యిచ్చితిమి. లెక్క బిగువుగా నున్నచో బొంకుటకు వీలు తక్కువ.

"నీ పుస్తకములో నింక కారణములు వ్రాయకుము. దినమున కొక్క పద్యము వ్రాయుము. ఆ దినము కంటితో చూచినదే వ్రాయుము. పొయ్యిమీద పాలు పెట్టి కూర్చుండుము, పొంగులోపల ముగియవలెను. ముగిసినదానిని దిద్దరాదు" అంటిమి. ఈ పాల నియమము జపానువారిది కాదు, మాదే. ఆమె నవ్వుచు, వంటింటి గడపకడ కూర్చుండి వ్రాసిన తొలి పద్య మిది:

ఒకవేళ
వెళ్లిన, కాని,
ఒకవేళ

లెక్కించి చూచితిమి. అయిదు, ఏడు, అయిదు. ఒక్క మాత్ర తప్పు లేదు! "ఒకవేళ" యను నొక్కమాటయే అయిదు మాత్రలు తినివేయును. "కాని" మూడు తినును. పదునేడు మాత్రల గృహములో ఆ రెండు మాటలను దింపిన పిమ్మట మరి యెవ్వరికిని తావు చాలదు. ఆమె ఆ కాగితమును చాలసేపు చూచెను. ఇరువదిరెండు కారణములును కలసి వ్రాసిన పద్యమది.

ఆ రాత్రి మా యింటనే యుండెను. నిదురపట్టక మాటలాడుకొనుచు, చియో కథయు చెప్పితిమి. కికూషా వలె తిరిగిన స్త్రీ కాదు చియో. 1703లో కగా దేశమున మత్తో యను నూర, పటములకు అంచులు కట్టు పనివాని యింట పుట్టెను. పదునేడేండ్ల ప్రాయముననే బషో శిష్యుడగు షికో ఆమె పద్యములు విని మెచ్చుకొనెను. బావిచేదకు చుట్టుకొన్న పూతీగను గూర్చిన పద్యము ఆమె పేర లోకమంతట తిరుగుచున్నది. ఆమెను గూర్చి యొక కథ చెప్పుదురు. నిజమో కల్పనయో గాని, మాకు ప్రియమైనది. ఒక గురువు ఆమెకు కోకిలజాతి పక్షి యొకదానిని వస్తువుగా నిచ్చి పద్యము చెప్పుమనెను. చెప్పినది, బాగుగ లేదనెను. మరల చెప్పినది, అదియు బాగుగ లేదు. గురువు నిదురపోయెను. ఆమె రాత్రి యెల్ల ఆ పక్షినే తలచుచు, వ్రాయుచు, చింపుచు కూర్చుండెను. తెలతెలవారినది. అప్పుడామె తెల్లవారిన సంగతినే పద్యము చేసెను. అది బాగున్నదనిరట. తెగని యాలోచన యంతయు పద్యమునకు వెలుపల గడచినది. తెల్లవారుట మాత్రము లోపలికి వచ్చినది.

చియో ఇల్లు విడిచి యెక్కువ దూరము పోయినది కాదు. ఇంటివారు ఒక్కరొక్కరుగా గతింపగా ఆ పటముల దుకాణమును తానే నడపుకొనుచు వచ్చి, 1754లో, ఏబదిరెండవ యేట, సన్న్యాసము గైకొనెను. ఆమె పోకపోయినను ఆమె పద్యములు పోయినవి: 1763లో కొరియా రాయబారులకు కానుకగా నిచ్చుటకై కగా ప్రభువు కోరగా, ఇరువదియొక్క పద్యములను పటములపైనను విసనకఱ్ఱలపైనను స్వహస్తమున వ్రాసియిచ్చెను. 1775లో మరణించెను. కనుక, ఈ పద్యములు వ్రాయువారందరును మూటకట్టుకొని బయలుదేరవలెనని కాదు. ఈ మాట ఆ రాత్రియే మా స్నేహితురాలికి చెప్పితిమి. ఉండుటయు నొక తీర్పే. తీర్పు చెప్పక యుండిపోవుట వేరు.

ఆమె తన యూరికి పోయిన పిమ్మట దినమొకటి ఫోనులో పంపుచుండెను. మూడవది చప్పనిది. నాలుగవది మాత్ర తప్పినది. అయిదవ దినమున నిది వచ్చినది:

గొళ్లెమును
తీసితి, లోన
నొక పిట్ట

రెండేండ్లుగా తాళము వేసియుంచిన భర్తగారి గదిని ఆ యుదయమున తెరచెనట. కిటికీ రెక్క యొకటి యెప్పుడో యూడియుండగా పిచ్చుక లోపల గూడు కట్టుకొన్నది. ఈ సంగతి యంతయు తరువాత ఫోనులో చెప్పెను. పద్యములో భర్త లేడు, గది లేదు, రెండేండ్లు లేవు. అయినను మేము దానిని చదివి కొంతసే పేమియు చేయలేకపోతిమి.

ఏడవదినము ఆదివారము. ఆమెను రమ్మని, మరి యిద్దరు స్నేహితురాండ్రను గూడ పిలిచి, గొలుసుపద్యము ప్రారంభించితిమి. బషో నాటివారు దీనిని నలుగురైదుగురు కలసి కూర్చుండి చెప్పెడివారు. ఒకరు పదునేడు మాత్రల పద్యము చెప్పుదురు. రెండవవారు పదునాలుగు మాత్రలతో, ఏడు-ఏడుగా, దాని కందుకొందురు. మరల పదునేడు, మరల పదునాలుగు. ఇట్లు ముప్పదియారు పద్యములైనచో ఒక గొలుసు. చంద్రుడు మూడుమారులును, పూవులు రెండుమారులును రావలెనని నియమము. అన్నిటికంటె కఠినమైన నియమ మింకొకటి కలదు. ప్రతి పద్యమును తన ముందుదానితో మాత్రమే కలియవలెను. దానికి ముందుదానినుండి మరలిపోవలెను. వసంతములో మొదలైనది రెండడుగులలో వీధికలహమునకు పోవచ్చును, అచ్చటనుండి ముసలి సైనికుని చలిమంటకు పోవచ్చును. నా పద్యము ప్రక్కదాని చేతికి పోయిన క్షణమున అది నాది కాదు. దానినుండి యేమి పుట్టునో నాకు తెలియదు. తెలిసికొని వ్రాయుటకు వీలును లేదు.

పిట్టపద్యమునే తొలిపద్యముగా పెట్టితిమి. దాని కొకామె యిట్లందుకొనెను:

చూరున నూగు
కంకుల గుత్తి

పిచ్చుకలకై చూరున వరికంకులు కట్టు నలవాటు మన పల్లెటిండ్లలో నుండినదే. మూడవ యామె ఆ కంకులను పట్టుకొని కోతపొలమునకు పోయెను. పిట్టయు గొళ్లెమును మాయమైనవి. మా స్నేహితురాలు తహతహలాడెను. "నా పిట్ట యేమైనది? ఒక్కమారు దానిని మరల తెత్తును" అనెను. కూడదంటిమి. "అయిన నా తొలిపద్యములో నొకమాట మార్చుకొందును" అనెను. అదియు కూడదు. ఆమె వంతు వచ్చినప్పుడు ఎదుట నున్నది ఎవరో చెప్పిన యొక యేరు. ఆమె యెన్నడును చూడనిది. పాలు పొంగవచ్చినవి. ఆమె యేదో వ్రాసి యిచ్చివేసెను. సాయంకాలమునకు పదునాలుగు పద్యములు మాత్రమే యైనవి. ముప్పదియారు ముగింప మాకు శక్తి లేకపోయెను, నడుమ నొకరి మనుమడు బొబ్బలుపెట్టెను. వానిలో మంచివి రెండో మూడో యుండును. అయినను ఆ గంటలలో ఆమె ముఖము మేము చాలకాలము తరువాత చూచిన ముఖము.

ఇందు మేము వైద్యము చెప్పుచున్నామని యెవరును భ్రమపడరాదు. ఇల్లమ్ముటయో, అప్పు తీర్చుటయో, పిల్లకు సంబంధము చూచుటయో వచ్చినప్పుడు లెక్కలు వ్రాయవలసినదే, పదిమందిని విచారింపవలసినదే. పద్యము వ్రాసి పత్రముపై సంతకము చేయువారిని మేము మెచ్చము. కాని లెక్క లన్నియు ముగిసి రెండు ప్రక్కలను సరిసమానముగా నిలిచినప్పుడు, పండ్రెండవ కారణము ఎన్నటికిని దొరకదు. మిగిలినది తెలియనిదే. ఆ తెలియనిదానిని దినమునకు పదునేడు మాత్రలు చొప్పున చేతితో తాకి చూచుట కికూషా చేసిన పని యని మాకు తోచుచున్నది. ఆమె ఉత్తరాపథ మంతయు నొక్కదినమున నిర్ణయించుకొన్నది కాదు గదా! ఏ పూట కా పూట, ఎదుట నున్న కొండయో, సత్రమో, వానయో, దానికొక పద్యము, పిమ్మట మరియొక అడుగు.

తొమ్మిదవదినమున మా స్నేహితురాలు ఫోను చేసి, పోవుటకు ఒప్పుకొని వ్రాసియిచ్చితినని చెప్పెను. కారణము చెప్పలేదు, మే మడుగలేదు. పిచ్చుకలు ఎగిరిపోవువరకు ఆ గదికి తాళము వేయవద్దని ప్రక్కయింటివారికి తాళపుచెవి యిచ్చి పోయెనట.

ఆ యూర ఆమెకు సుఖముగ నున్నదని చెప్పుటకు మాకు ధైర్యము లేదు. అద్దెయిల్లు కురియుచున్నదట, బడిలో రెండు గదులకు తలుపులు లేవట, రాత్రులందు చలికి నిదుర పట్టదట. మొదటి మాసమున రెండుమారులు ఏడ్చితినని తానే చెప్పెను. అయితే అచ్చట దిగిన తొలిదినముననే పంపిన పద్యము మా వంటింటి గోడకు అంటించియున్నది:

బస్సు దిగి
పేరు తెలియని
చెట్టు కడ

దీనికి మేము పదునాలుగు మాత్రల జవాబు వ్రాయవలసి యున్నది. ఇప్పటికే చాల యాలస్యమైనది. పాలు పొయ్యిమీద పెట్టి వచ్చితిమి.